చల్లగాలి మందగించినప్పుడు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో వేసవి తీవ్రమైనది. డల్లాస్, హ్యూస్టన్ నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములును, వారిని చూచుటకు పోయిన తల్లిదండ్రులును ఈ సంగతి ఎరుగుదురు. మన ఊళ్లలో ఎయిర్ కండిషనరు సాధారణముగా గదికొకటి ఉండును. అచ్చటి ఇండ్లలో తరచుగా ఇల్లంతటికి ఒకే యంత్రము అమర్చబడి, గొట్టముల ద్వారా ప్రతి గదికి చల్లగాలిని పంపుచుండును.

ఇట్టి యంత్రము ఒక్కొక్కప్పుడు తిరుగుచునే ఉండును, చప్పుడును వినబడుచుండును. కాని గదిలోని గ్రిల్లునుండి గాలి సన్నగా మాత్రమే వచ్చును. వెంటనే “గ్యాసు తగ్గినది” అని తలచుట పలువురికి అలవాటు. గ్యాసు పని వేడిని మోయుట. గాలిని త్రోయునది గ్యాసు కాదు. కారణము తెలియక చేయించిన మరమ్మతుతో డబ్బు పోవుటయే కాదు, యంత్రములో మిక్కిలి విలువైన కంప్రెసరు కూడ పాడు కావచ్చును.

గాలి నడచు దారి

కంప్రెసరు ఇంటి వెలుపల ఉండును. ఇంటిలోపల, అటకమీదనో చిన్న అరలోనో, చల్లని కాయిలును బ్లోయరు అను పెద్ద పంకాయు ఉండును. బ్లోయరు ఇంటిలోని గాలినే ఒక పెద్ద గ్రిల్లు ద్వారా లోనికి పీల్చును. ఆ గాలి ఫిల్టరులో దుమ్మును విడిచి, కాయిలు మీదుగా పోయి చల్లబడి, గొట్టములలో గదులకు చేరును. మరల పీల్చు గ్రిల్లునకే తిరిగి వచ్చును. ఇది ఒక చక్రము. లోనికి వచ్చినంత గాలియే వెలుపలికి పోగలదు. కనుక గాలి వచ్చు చోటనే కాక, గాలి పోవు చోట కూడ పరీక్షింపవలెను.

ఇట్లు నడచు గాలి ఎంత? యంత్రముల శక్తిని టన్నులలో చెప్పుదురు. ఇది యంత్రపు బరువు కాదు. మంచుగడ్డలతో చల్లబరచిన కాలమునుండి వచ్చిన మాట. 2,000 పౌనుల మంచు 24 గంటలలో కరగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని అంత కాలములో తొలగింపగల శక్తి ఒక టన్ను. టన్నుకు నిమిషమునకు సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావలెను. అనగా 3 టన్నుల యంత్రము నిమిషమునకు 1,200 ఘనపుటడుగుల గాలిని కదలించును. ఆ గాలి బరువు సుమారు 40 కిలోగ్రాములు!

ఇంత బరువును త్రోయు ఒత్తిడి మాత్రము మిక్కిలి స్వల్పము. చాల యంత్రములు అర అంగుళము ఎత్తు నీరు కలిగించు ఒత్తిడికి తగినట్లుగా నిర్మింపబడినవి. ఇది వాతావరణ పీడనములో 800వ వంతు మాత్రమే. కొబ్బరిబొండములో గొట్టము పెట్టి నీటిని ఆరంగుళములు పైకి పీల్చువాడు ఇంతకు పండ్రెండు రెట్లు ఒత్తిడి భేదమును కలిగించుచున్నాడు. కావుననే కొంచెము దుమ్ము గాని, గొట్టములో ఒక మడత గాని అంత పెద్ద ప్రవాహమును అడ్డగింపగలదు.

మొదటి ప్రశ్న

గాలి ఇల్లంతట తగ్గినదా, ఒక గదిలో మాత్రమే తగ్గినదా? ముందుగా తెలిసికొనవలసినది ఇదియే. ఇల్లంతట తగ్గినచో దోషము అన్ని గదులకు ఉమ్మడియైన దారిలో, అనగా ఫిల్టరు, కాయిలు, బ్లోయరు, ప్రధానపు గొట్టము అను వానిలో ఉండును. ఒక గదిలో మాత్రమే తగ్గినచో ఆ గదికి పోవు కొమ్మలో వెదకవలెను.

ఇల్లంతట తగ్గినప్పుడు తొలుత చూడవలసినది ఫిల్టరు. దానిని వెలుతురునకు ఎదురుగా పట్టినపుడు కాంతి కనబడనిచో మార్చవలెను. సన్నని ఫిల్టరులను మూడు నెలలకు మించి ఉంచరాదు. కుక్కలు, పిల్లులు ఉన్న ఇంటిలో నెలకొకసారి మార్చుట మేలు. మిక్కిలి సూక్ష్మమైన ధూళిని పట్టు ఫిల్టరు మంచిదని తలచి కొనుట కలదు. అయితే అంగుళము మందము గలదానిలో అట్టి నేత గాలిని కూడ ఎక్కువగా ఆపును. చట్రముమీది బాణపు గుర్తు బ్లోయరువైపు ఉండవలెను. పీల్చు గ్రిల్లునకు అడ్డముగా సోఫా గాని, బీరువా గాని ఉన్నచో తొలగింపవలెను.

మంచు కట్టుట

కాయిలు ఉష్ణత సాధారణముగా నీరు గడ్డకట్టు ఉష్ణతకు కొద్ది డిగ్రీలు మాత్రమే ఎక్కువగా ఉండును. గాలిలోని తేమ దానిమీద నీరై కారిపోవుచుండును. గాలి తగ్గినప్పుడు కాయిలునకు అందు వేడియు తగ్గును. కాయిలు మరింత చల్లబడును. కారవలసిన నీరు మంచుగా పేరుకొనును. ఆ మంచు రేకుల సందులను పూడ్చుటచే గాలి ఇంకను తగ్గును. అందుచే మంచు ఇంకను పెరుగును. ఉదయము కొంచెముగా మందగించిన గాలి సాయంకాలమునకు పూర్తిగా ఆగిపోవుటకు కారణమిదియే.

వెలుపలి యంత్రమునకు పోవు లావుపాటి రాగి గొట్టముమీద మంచు కనబడుట దీనికి గుర్తు. అప్పుడు థర్మోస్టాటు మీద చల్లబరచు మీటను ఆపి, పంకాను మాత్రము తిరుగనీయవలెను. మంచు కరగుటకు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక రోజు పట్టును. కత్తితో గీకినచో కాయిలు చిల్లుపడును. మంచుతోనే యంత్రమును నడిపినచో ఆవిరి కావలసిన ద్రవము ద్రవముగానే కంప్రెసరును చేరి దానిని పాడుచేయును. మంచు కరగువరకు ఇల్లు వేడెక్కును గనుక వృద్ధులను, పసిపిల్లలను అంతవరకు చల్లని చోటికి పంపుట క్షేమము.

ఫిల్టరు మార్చి, గ్రిల్లులన్నియు తెరచిన పిమ్మటను మరల మంచు కట్టినచో, కాయిలుమీద దుమ్ము పేరుకొనియుండవచ్చును, బ్లోయరు మందగించియుండవచ్చును, లేదా గ్యాసు తగ్గియుండవచ్చును. గ్యాసు వాడుకచే ఖర్చగునది కాదు; తగ్గినదనిన ఎచ్చటనో కారుచున్నదని అర్థము. కారు చోటును పూడ్చక గ్యాసు నింపుట చిల్లుకుండలో నీరు పోయుటయే. అమెరికాలో ధ్రువపత్రము గల పనివాడే ఈ గ్యాసును ముట్టవలెనని చట్టము.

బ్లోయరు, గొట్టములు

బ్లోయరు రెక్కలు వంపు తిరిగి ఉండును. ఆ వంపులు దుమ్ముతో నిండినచో చక్రము తిరిగినను గాలిని పట్టి త్రోయలేదు. పాత తరహా మోటారులలో కెపాసిటరు బలహీనపడినచో వేగము తగ్గును. కొత్త తరహా మోటారులలో కొన్ని అడ్డు పెరిగిన కొలది తామే వేగము పెంచుకొనును. కనుక గాలి తగ్గుటకు ముందే విద్యుత్తు ఖర్చు పెరుగును. కరెంటు ఆపిన తరువాత కూడ కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉండగలదు. ఈ భాగమును పనివానికే విడువవలెను.

ఒక గదికే గాలి తగ్గినప్పుడు అటకమీది గొట్టమును చూడవలెను. వంగు గొట్టములు జారి వ్రేలాడుట, మడతపడుట, పెట్టెల క్రింద నలుగుట సామాన్యము. గొట్టపు వ్యాసము పొడవునా సగమైనచో, అదే ఒత్తిడికి గాలి సగము కాదు, సుమారు ఆరవ వంతునకు పడిపోవును. అతుకులు విడిపోవుట మరియొక దోషము. అమెరికాలో సామాన్యమైన ఇంటి గొట్టములనుండి నూటికి 20 నుండి 30 వంతుల గాలి ఈ విధముగా నష్టమగుచున్నదని ఆ ప్రభుత్వపు అంచనా. ఈ అతుకులకు గుడ్డ టేపు పనికిరాదు. వేడికి దాని జిగురు ఊడిపోవునని కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 1998లో పరీక్షలు చేసి తెలిపినది. పూతగా పూసెడి మాస్టిక్ జిగురు మన్నికైనది.

వాడని గదుల గ్రిల్లులను మూసినచో కరెంటు ఆదా అగునని కొందరు నమ్ముదురు. దారులు మూసినకొలది గొట్టములలో ఒత్తిడి పెరిగి, అతుకులనుండి గాలి ఎక్కువగా కారును. మొత్తము ప్రవాహము తగ్గి కాయిలుపై మంచు కట్టుటకును అవకాశము కలుగును.

కావున వరుస ఇది: ఫిల్టరు, గ్రిల్లులు, మంచు, గొట్టములు. వీనిని చూచుటకు ఇంటివారే చాలుదురు. అటుపిమ్మటనే బ్లోయరు, కాయిలు, గ్యాసు పరీక్షకై పనివానిని పిలువవలెను. అతనితో “చల్లదనము తగ్గినది” అనుటకు బదులు, ఎన్ని గదులలో గాలి తగ్గినది, మంచు కనబడినదా, ఫిల్టరు ఎప్పుడు మార్చబడినది అను మూడు సంగతులు చెప్పినచో దోషము త్వరగా బయటపడును.