ఆరోగ్యవరం శ్రమ ఏ లెక్కలోకి వస్తుంది?

అపోహ: ఎక్కువ పరిశోధన పత్రాలు వెలువరించేదే గొప్ప వైద్య పరిశోధన సంస్థ.

వాస్తవం: ఒకప్పుడు పెద్దమండ్యం నుంచి మదనపల్లె దాకా అందరికీ ఆరోగ్యవరం అంటే క్షయ ఆసుపత్రి. అక్కడి డాక్టర్ యోహానెస్ ఫ్రిమోడ్ మొల్లర్ బృందం 1950లో మొదలుపెట్టి, ఆ ప్రాంతపు జనంలో బీసీజీ టీకా ఎంతవరకు కాపాడుతుందో ఏళ్ల తరబడి గమనించింది. టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. తేడా స్వల్పమే. ఈ అంకెలు 1973 నివేదికలోవి. పత్రాల పట్టికలో ఆ నివేదిక విలువ ఒకటి. నాలుగు వారాల్లో రాసిన చిన్న వ్యాసం విలువా ఒకటే. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: మంచి పరిశోధనను వెంటనే అందరూ ఉదహరిస్తారు.

వాస్తవం: పరిశోధన పత్రికల స్థాయికి కొలతగా వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గత రెండేళ్ల వ్యాసాలకు వచ్చిన ఉదహరింపులనే చూస్తుంది. పైగా అది పత్రికకు కట్టే సగటు. వ్యాసానికో, సంస్థకో వేసే మార్కు కాదు. ఆరోగ్యవరం అంకెలు 1994లో, అంటే 21 ఏళ్లకు, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో మరో 12 ప్రయోగాల సరసన చేరాయి. అన్నీ కలిపి చూస్తే భూమధ్యరేఖకు దూరంగా ఉన్నచోట టీకా బాగా పనిచేసినట్టు, మనలాంటి చోట్ల అంతగా పనిచేయనట్టు కనబడింది. ఆ 13 ప్రయోగాల పట్టికతోనే నేటికీ ప్రపంచమంతటా గణాంకశాస్త్ర విద్యార్థులు లెక్కలు నేర్చుకుంటున్నారు. తరగతి గదిలో జరిగే ఆ వాడకాన్ని ఏ ఉదహరింపుల సూచీ పట్టుకోగలదు?

అపోహ: ఫలితం రాని ప్రయోగం వృథా.

వాస్తవం: తమిళనాడులోని చెంగల్పట్టులో ఇదే టీకాపై జరిగిన ప్రయోగంలో పెద్దల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. ఆ సంగతి తెలియడమే పెద్ద ఫలితం. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ నుంచి టీకా కాపాడుతుంది కనుక పుట్టగానే వేయడం మానలేదు.

అపోహ: సంస్థ పేరుతో వెతికితే దాని పత్రాలన్నీ దొరుకుతాయి.

వాస్తవం: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు ఆ పేరు వచ్చింది 1969లో. అది 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో పుట్టి, 1958లో హైదరాబాదు చేరింది. ఇప్పటి పేరొక్కటే పెట్టి వెతికితే తొలి యాభై ఏళ్ల పని చాలావరకు జారిపోతుంది. దేశమంతా ఆహార నిపుణులు చేతపట్టుకునే దాని పోషక విలువల పుస్తకం కూడా, పుస్తకం కాబట్టి, పత్రాల లెక్కకు అందదు.