మంచు లేని నేలపై స్కేటింగు సాధన

మియాపూర్ చెరువులలో నీరు గడ్డకట్టడం ఎవరూ చూచి ఉండరు. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటీగ్రేడు. అది 1946 నాటి మాట. నీరు గడ్డకట్టే సున్న డిగ్రీలకు అదీ పైనే. మరి ఇటువంటి చోట పుట్టినవారికి మంచుపై జారే విద్య ఎట్లా అలవడుతుంది? మంచు దొరకనివారికి అందుబాటులో ఉన్న మొదటి మెట్టు చక్రాల స్కేటింగు.

హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కళాత్మక రోలర్ స్కేటింగులో రెండు కాంస్య పతకాలు గెలిచారు. ఒకటి పురుషుల విభాగంలో, రెండవది అవనీ పంచాల్‌తో కలిసి జంటల విభాగంలో. 2015 సంవత్సరపు అర్జున పురస్కారం ఆయనకు లభించింది. చక్రాలపై వేసే గిరికీలకూ, మంచుపై వేసే గిరికీలకూ మూలసూత్రం ఒక్కటే.

ఆటగాడు చేతులు చాచి తిరగడం మొదలుపెడతాడు. వాటిని రొమ్ముకు దగ్గరగా ముడుచుకోగానే వేగం హెచ్చుతుంది. బయటినుండి ఎవరూ త్రిప్పలేదు. మరి ఈ వేగం ఎక్కడిది? శరీర భాగాలు భ్రమణాక్షానికి దగ్గరయితే జడత్వ భ్రామకం తగ్గుతుంది. కోణీయ ద్రవ్యవేగం మారదు గనుక భ్రమణ వేగం పెరుగుతుంది. భ్రామకం సగమైతే వేగం రెండింతలవుతుంది. తిరిగే స్టూలుపై ఒక విద్యార్థిని కూర్చోబెట్టి, రెండు చేతులకూ బరువైన పుస్తకాలిచ్చి తరగతిలోనే దీనిని చూపవచ్చు. సూత్రం ఒక్క పూటలో బోధపడుతుంది. ఆ వేగంలో తూలకుండా నిలవడానికి మాత్రం ఏళ్ళ తరబడి సాధన కావాలి.

ఇక భేదమంతా పాదం క్రింద ఉన్నది. కత్తి అంచు ఒత్తిడికి మంచు కరిగి కాలు జారుతుందని చాలాకాలం చెప్పుకొన్నారు. లెక్క వేసి చూద్దాం. మంచు ద్రవీభవన స్థానం ఒక డిగ్రీ తగ్గడానికి సుమారు 135 వాతావరణాల ఒత్తిడి కావాలి. 60 కిలోల మనిషి చదరపు సెంటీమీటరు మేర ఆనితే కలిగే ఒత్తిడి 60 వాతావరణాలే. అంటే అర డిగ్రీ కూడా తగ్గదు. సున్నకు అయిదు డిగ్రీల దిగువనున్న మంచు దీనితో కరగదు. మంచు ఉపరితలంపై సహజంగానే పలుచని ద్రవపు పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లో ఊహించాడు. ఉపరితలపు అణువుల సడలిన బంధాలూ, రాపిడివల్ల పుట్టే వేడీ జారుడుకు ముఖ్య కారణాలని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

స్కేటు కత్తికి రెండు అంచులుంటాయి. అవి మంచులోకి దిగి ప్రక్కకు జారకుండా పట్టునిస్తాయి. చక్రాలకు ఆ అంచులు లేవు. కనుక చక్రాలపై తుల్యత నేర్చినవారు కూడా వంగడం, ఆగడం మంచుపై మళ్ళీ నేర్చుకోవాలి. అందుకు మంచు ఉన్నచోటికి పోక తప్పదు. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలలో తెలంగాణకు చెందిన తాళ్లూరి నయనశ్రీ మంచు స్కేటింగులో స్వర్ణపతకాలు గెలిచింది.

భౌతిక సూత్రాలు మియాపూర్‌లోనూ లేహ్‌లోనూ ఒక్కటే. మంచు మాత్రం అన్నిచోట్లా లేదు. ఆ లోటును ఇక్కడివారు దూరప్రయాణాలతో, పట్టుదలతో పూరించుకోవలసి ఉన్నది.