బడి కబురు ఇంటికి చేరాలంటే

ఒక సాయంత్రం మా సంఘం ఆఫీసుకు ఒక తల్లి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. బ్యాగు ఉతుకుదామని పుస్తకాలన్నీ బయటికి తీస్తే ఆ కాగితం అడుగున దొరికిందట. "ఇందులో ఏముందో కాస్త చూడండి భాయ్. స్కాలర్‌షిప్ సంగతి అంటోంది పిల్ల" అని మా ముందు పెట్టింది.

చూశాం. అది ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు దరఖాస్తు చేసుకోమని బడి పంపిన నోటీసు. గడువు దాటి అప్పటికి మూడు వారాలు. ఆ పరీక్షలో ఎంపికైన పిల్లలకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి రూ. 12,000 వస్తుంది. నాలుగేళ్లకు రూ. 48,000. ఆ అమ్మాయి క్లాసులో ముందుండే పిల్ల. పరీక్ష రాసి ఉంటే వచ్చేదో రాదో ఎవరూ చెప్పలేరు. రాసే అవకాశమే పోయింది.

ఆ తల్లి ఒకే మాట అంది: "మాకెవరూ చెప్పలా."

బడిని అడిగితే కాగితం ఇచ్చామన్నారు. పిల్లను అడిగితే అందరికీ ఇచ్చేదే కదా అనుకున్నానంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. బడి ఇచ్చింది, పిల్ల తెచ్చింది, ఇంటికి మాత్రం చేరలేదు. ఈ సంచికలో మేము ఈ సంగతే రాయాలనుకున్నాం.

ఆరో తరగతితో మారేది ఏమిటి?

ఐదో తరగతి దాకా చాలామంది పిల్లల బడి వీధి చివరే ఉంటుంది. టీచరమ్మ తల్లికి తెలుసు. పిల్లకు జ్వరం వచ్చినా, ఫీజు సంగతైనా గేటు దగ్గరే తెలిసిపోతుంది. ఆరో తరగతి నుంచి బడి దూరమవుతుంది. ఒక టీచరు స్థానంలో సబ్జెక్టుకొకరు వస్తారు. పిల్లలు సొంతంగా ఆటోలోనో సైకిలు మీదో వెళ్తారు. బడికీ ఇంటికీ మధ్య కబురు మోసేది పన్నెండేళ్ల పిల్లవాడొక్కడే అవుతాడు.

మన కోస్తా పక్క ఇంకో చిక్కు ఉంది. కోట, ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఎందరో తండ్రులు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటారు. కొందరు చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. బడి వాట్సాప్ గ్రూపులో ఉండేది తండ్రి నంబరు. పిల్లల్ని చూసుకునేది తల్లి. ఆమెకు ఫోను ఉండదు, ఉన్నా అందులో ఇంటర్నెట్ ఉండదు. చాలా ఇళ్లలో మాట్లాడేది మన ఉర్దూ, నోటీసులో ఉండేది ఆఫీసు తెలుగు. చదవడం వచ్చిన తల్లికి కూడా అది సగమే అర్థమవుతుంది.

బడి పెట్టుకోలేని నియమాలు, పెట్టుకోవలసిన నియమాలు

చాలామంది తల్లిదండ్రులు బడి చెప్పినదే చట్టం అనుకుంటారు. బడికీ ఒక చట్టం ఉంది. అది 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులో మన ఇళ్లకు అవసరమైనవి ఇవి.

పుట్టినతేదీ పత్రం లేదని ప్రవేశం నిరాకరించకూడదు. ఊరు మారి వచ్చిన పిల్లకు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. గుంటల పనికి కుటుంబమంతా వేరే మండలానికి వెళ్లినప్పుడు ఈ రెండు మాటలూ గుర్తు పెట్టుకోండి. మధ్యలో బడి మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. "నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనం" అని మనమే టీచర్లతో అంటుంటాం. ఆ అనుమతి ఇచ్చే హక్కు మనకూ లేదు.

పరీక్షల విషయంలో 2019లో సవరణ వచ్చింది. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టుకునే వీలు రాష్ట్రాలకు కలిగింది. తప్పిన పిల్లకు అదనంగా చెప్పి రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. కాబట్టి "ఫెయిలైంది, ఇక ఇంట్లో ఉంచుకోండి" అని ఎవరన్నా అంటే అది నియమం కాదు.

ఇంకొకటి, పాఠశాల యాజమాన్య కమిటీ. ప్రభుత్వ బడుల్లో ఈ కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. బడికి వచ్చే డబ్బు ఎలా ఖర్చవుతోందో చూసే పని ఈ కమిటీకి చట్టమే ఇచ్చింది. మన ఆడవాళ్లు ఇందులో సభ్యులుగా ఉంటే సగం కబుర్లు వాటంతటవే వీధికి వస్తాయి.

పిల్లలకు అందే సాయం

పుస్తకాలు, యూనిఫాం, బ్యాగు, బూట్లు ఉన్న కిట్టు ప్రభుత్వ బడి పిల్లలకు ఉచితం. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు రోజుకు 150 గ్రాముల బియ్యం లెక్క. చిన్న తరగతులకు 100 గ్రాములే. ఎదిగే వయసని పెంచారు. పిల్ల సరిగా తినడం లేదంటే ఎందుకో అడిగి తెలుసుకోండి.

వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్ర ఇనుము, ఫోలిక్ ఆమ్లం కోసం. రక్తం తక్కువగా ఉండే ఆడపిల్లలకు ఇది ఎంతో అవసరం. ఇది వేసుకుంటే విరేచనం నల్లగా రావచ్చు, భయపడనక్కరలేదు. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం వల్లే కొన్ని ఇళ్లలో మాత్ర మాన్పించేశారు. అన్నం తిన్నాక వేసుకోవాలి. రంజాన్‌లో ఉపవాసం ఉండే పిల్లల విషయం టీచరుకు ముందే చెప్పి, మాత్ర ఇంటికి తెచ్చుకుని ఇఫ్తార్ భోజనం తర్వాత వేయించవచ్చేమో అడగండి.

తల్లికి వందనం పథకం 2025 జూన్‌లో మొదలైంది. ఒక్కో పిల్లకు రూ. 15,000 లెక్కన ఇస్తూ, అందులో రూ. 2,000 బడి నిర్వహణకు మినహాయించి రూ. 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. 75 శాతం హాజరు ఉండాలి. హాజరంటే ఏడాది చివర చూసే లెక్క కాదు. పెళ్లికి నాలుగు రోజులు, ఉరుసుకు రెండు రోజులు, చెల్లెల్ని చూసుకోవడానికి వారం అంటూ అది నెలనెలా కరిగిపోతుంది. తల్లి ఖాతాకు ఆధార్ లింకు అయిందో లేదో బ్యాంకులో ముందే చూసుకోవాలి.

ఎన్‌ఎంఎంఎస్ సంగతి మొదట్లో చెప్పాం. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలు రాయవచ్చు. హాస్టల్ వసతి ఉన్న గురుకులాల పిల్లలకు లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి రూ. 3.5 లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు ఉంది. అంటే తయారీ ఏడో తరగతిలోనే మొదలవ్వాలి. ఈ మధ్య ఏళ్లలో పరీక్ష డిసెంబరులో జరుగుతోంది, దరఖాస్తు గడువు అంతకు ముందే ముగుస్తుంది. ఎంపికైన తర్వాత జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, ఏటా రెన్యువల్ చేయాలి. రెన్యువల్ మరచిపోతే గెలిచిన డబ్బు కూడా ఆగుతుంది.

బడికి దూరమైన, పేద ఇళ్ల ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. ఆరో తరగతి నుంచి చదువు, వసతి, భోజనం ఉచితం. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకే. తండ్రి గుంట మీద, తల్లి కూలికి, పిల్ల ఒంటరిగా ఇంట్లో అనే పరిస్థితి ఉన్నచోట ఈ బడి ఒక దారి.

ఆగిపోయిన సాయం సంగతి కూడా చెప్పాలి. మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చిన ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒకప్పుడు ఒకటి నుంచి పది దాకా ఉండేది. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు తీసేశారు. విద్యాహక్కు చట్టం కింద ఆ తరగతులకు చదువు ఉచితమే కదా అన్నది చెప్పిన కారణం. ఆ నిర్ణయం బాగుందా లేదా అనేది వేరే చర్చ. ఆగిందన్న మాట మాత్రం ఇళ్లకు చేరలేదు. ఇప్పటికీ ఆరో తరగతి పిల్లకు దాని కోసం ఆదాయ పత్రం తీయించి, ఒకరోజు కూలి పోగొట్టుకుని మా దగ్గరకు వచ్చేవాళ్లున్నారు. లేనిది లేదని చెప్పడం కూడా కబురే.

పేరులో ఒక అక్షరం

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరు. ఆధార్‌లో ఇంటి పేరుగా షేక్ ముందుంటుంది, బడి రిజిస్టరులో చివర ఉంటుంది. ఇంగ్లిషులో ఒకచోట ఒక అక్షరం ఎక్కువ, ఇంకోచోట తక్కువ. అమ్మాయి పేరు పక్కన బేగం ఒక కాగితంలో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. పిల్లలకు 12 అంకెల అపార్ సంఖ్య ఇస్తున్నారు. బడి రికార్డు, ఆధార్ కలవకపోతే అది రాదు. బీసీ-ఇ కుల పత్రం తీసుకునేటప్పుడూ, స్కాలర్‌షిప్ దరఖాస్తులోనూ ఇదే చిక్కు వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో తప్పు పడితే దాన్ని దిద్దించుకోవడం పెద్ద పని. ఆరో తరగతిలో చేర్చిన రోజే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

ఎవరు ఏం చేయాలి?

బడులకు మా మనవి. నోటీసు ఒక పేజీ దాటకుండా, పెద్ద అక్షరాల్లో, మాట్లాడే తెలుగులో ఉంటే చాలు. గడువు తేదీ అన్నిటికంటే పైన వేయండి. తల్లి సంతకమో వేలిముద్రో వేసిన ముక్క తిరిగి వచ్చేదాకా చేరనట్టే లెక్క పెట్టండి. వాట్సాప్‌లో కాగితం ఫొటోతో పాటు టీచరు గొంతుతో ఒక నిమిషం మాట పెడితే చదువు రాని తల్లికీ అర్థమవుతుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం జరిగింది, 2025 జూలై 10న మళ్లీ జరిగింది. పిల్లల ప్రగతి పత్రాలు చూపించి మాట్లాడారు. ఏడాదికి ఒకటి రెండు పెద్ద సమావేశాలతో పాటు నెలకొక చిన్న మాట కూడా కావాలి. సమావేశం జుమా వేళకు కాకుండా పెడితే మన తండ్రులూ వస్తారు.

తల్లిదండ్రులు రోజూ సాయంత్రం పిల్లను మూడు ప్రశ్నలు అడగాలి. ఈరోజు బడిలో ఏమన్నా కాగితం ఇచ్చారా? టీచరు ఇంట్లో చెప్పమన్నది ఏమన్నా ఉందా? నిన్ను ఎవరన్నా ఏమన్నా అన్నారా? మూడో ప్రశ్నకు పిల్ల మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని వదలకండి. బడికెళ్లి మాట్లాడండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇక మా వంతు. వీధికొక చదువుకున్న అమ్మాయి ఉన్నా చాలు. ఇంటర్ చదివే పిల్ల వారానికొక గంట నలుగురు తల్లులకు బడి కాగితాలు చదివి చెప్పగలదు. మసీదు బోర్డు మీద ఆ నెల గడువులు రాసి పెట్టవచ్చు. జుమా తర్వాత ఒక నిమిషం ఆ తేదీలు చదవవచ్చు. ఆడవాళ్లకు అది ఇళ్లలోనే చేరాలి గనుక ఆ పని ఆడవాళ్లే చేయాలి. డబ్బు ఖర్చు లేని సేవ ఇది. వచ్చే విద్యా సంవత్సరం దీన్ని మొదలుపెట్టడానికి సభ్యుల సహకారం కోరుతున్నాం.

మన జిల్లాలో దీనికి పెద్ద సాక్ష్యమే ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివారు. అది సారా వల్ల నాశనమైన ఒక ఇంటి కథ. చదివినవాళ్లు అది తమ ఇంటి కథే అనుకుని లేచారు. ఆ ఉద్యమం ఊరు దాటి రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కదిలించింది రాత్రి బడిలో తల్లులకు అర్థమైన ఒక పాఠం.

ఏటా మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగకు వెళ్తాం. పిల్లల కోసం చదువు రొట్టె తీసుకుంటాం. కోరిక తీరితే మరుసటి ఏడాది రొట్టె ఇచ్చి వస్తాం. చదువు రొట్టె తీసుకున్న చేయి ఇంటికొచ్చాక పిల్ల బ్యాగు కూడా ఒకసారి తెరవాలి. అడుగున మడతపడ్డ కాగితం ఉండవచ్చు. గడువు ఇంకా దాటి ఉండకపోవచ్చు.

ఆ తల్లికి ఏడో తరగతి చదివే ఇంకో కూతురుంది. ఆ పిల్ల పేరు, ఏడాది తర్వాత రాబోయే గడువు ఇప్పుడు మా ఆఫీసు గోడ మీద రాసి ఉన్నాయి.