ఒంటిచేతి వీరుడి కత్తిసాము

కత్తియుద్ధాల వీడియో గేముల్లో నన్ను కట్టిపడేసింది 2019లో జపాన్ నుంచి వచ్చిన 'సెకిరో'. కథానాయకుడికి ఒక చెయ్యి తెగిపోయి, దాని స్థానంలో మరచెయ్యి వుంటుంది. అతని వెనకనుంచి చూస్తూ మనం ఆడిస్తాం. ఎదుటివాడి కత్తి మీదపడే క్షణానికి సరిగ్గా మన కత్తి అడ్డుపడాలి. అలా అడ్డుకున్నకొద్దీ వాడు నిలదొక్కుకోలేక తూలుతాడు. అప్పుడొక్క పోటు! తాళం తప్పని మృదంగమే అనుకోండి. ఓడితే తప్పు మనదే. ఈ నిజాయితీకే నేను దాసుణ్ణి.

కాని గోడవారకు జరిగామా, కెమెరా గిర్రున తిరిగి శత్రువే కనపడడు. ఆ ఓటమి మాత్రం మనది కాదు మరి! పోనీ, చేతకానివాడు కష్టం తగ్గించుకుందామంటే ఆ వీలే పెట్టలేదు. డబ్బిచ్చి కొన్న మా విద్యార్థి ఒకడు నాలుగోరోజే, "పరీక్షలే నయమండీ, మాస్టారూ!" అని వదిలేశాడు.