నెలాఖరులో పప్పు ఎందుకు పలచబడుతుంది?

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ పక్కనే ఉన్న పాత ఊరు జియా సరాయ్. నగరం పెరిగి ఊరిని చుట్టేసినా సందులు మాత్రం ఊరివే. సరాయ్ అంటే సత్రం. పేరుకు తగ్గట్టు ఇప్పటికీ అక్కడ వచ్చిపోయేవాళ్లే ఎక్కువ. నెట్, గేట్, జామ్, ఇంజనీరింగ్ సర్వీసెస్ వంటి పరీక్షలకు చదివేవాళ్లు ఏడాదో రెండేళ్లో ఉండి వెళ్లిపోతారు. పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ సెంటర్లు, కోచింగ్ బోర్డులు, వాటి పైఅంతస్తుల్లో అద్దె గదులు. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థుల గదుల్లో ఒక కుక్కరు, ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ జాడీ ఉంటే ఆశ్చర్యం లేదు.

అలాంటి గదిని ముగ్గురు పంచుకుంటున్నారనుకుందాం. ఒకటో తేదీకి ఇంటి నుంచి డబ్బు వస్తుంది. సరుకులకు ఇంత అని తీసి పక్కన పెడతారు. మొదటి వారం ముద్దపప్పు, కూర, గడ్డ పెరుగు. మూడో వారానికి పప్పు పప్పుచారుగా మారుతుంది. చివరి వారం అన్నం, పచ్చడి. ఇంట్లో చెబితే వచ్చే సమాధానం ఒకటే: "చూసి ఖర్చు పెట్టుకోవాలి కదరా!" తప్పు పొదుపు తెలియనితనానిదే అని పెద్దల నమ్మకం. ఈ విషయాన్ని కొలిచి చూసిన పరిశోధకులు మాత్రం తప్పు చాలావరకు లెక్క కట్టిన తీరులో ఉందంటారు.

నెలవారీగా వచ్చే డబ్బు నెల పొడవునా సమానంగా ఖర్చు కాకపోవడం ఒక్క జియా సరాయ్ సంగతి కాదు. అమెరికాలో ప్రభుత్వం పేద కుటుంబాలకు నెలకోసారి ఆహార కూపన్లు ఇస్తుంది. ఆర్థికవేత్త జెస్సీ షపీరో 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కూపన్లు అందిన రోజు నుంచి నెలాఖరుకు చేరేసరికి ఆ కుటుంబాలు తీసుకునే కేలరీలు 10 నుంచి 15 శాతం తగ్గుతున్నట్టు తేలింది. వాళ్లకు ముందుచూపు లేదని కొట్టిపారేయడం సులువు. కానీ చేతిలో ఉన్నదాన్ని ఈ రోజుకు కాస్త ఎక్కువగా, రేపటికి కాస్త తక్కువగా పంచడం మనిషి స్వభావం. జీతం పడిన రోజు రాత్రి భోజనం గుర్తు చేసుకుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

స్టిగ్లర్ వేసిన లెక్క

అతి తక్కువ డబ్బుతో ఒంటికి కావలసినవన్నీ అందించడం ఎలా? ఈ ప్రశ్నను మొదట గణితంగా మార్చినవారిలో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ ఒకరు. ఆయనకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. 1945లో ప్రచురించిన వ్యాసంలో ఆయన 77 ఆహార పదార్థాలను, కేలరీలు, ప్రోటీన్, కాల్షియం, ఇనుము, విటమిన్లు కలిపి 9 అవసరాలను తీసుకున్నారు. ఒక మనిషికి ఏడాదికి సరిపడే అతి చవక కలయిక ఏదో వెతికారు. గోధుమపిండి, డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. అంతే. 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లు.

అప్పటికి ఇలాంటి లెక్కలకు కచ్చితమైన పద్ధతి లేదు. స్టిగ్లర్‌ది సగం లెక్క, సగం తెలివైన ఊహ. రెండేళ్ల తర్వాత జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ అనే పద్ధతి కనిపెట్టారు. దాన్ని పరీక్షించడానికి ఎంచుకున్న మొదటి పెద్ద లెక్కల్లో ఈ తిండి లెక్క ఒకటి. తొమ్మిది మంది గుమాస్తాలు చేతి కాలిక్యులేటర్లతో కూర్చుంటే మొత్తం 120 పనిదినాలు పట్టింది. జవాబు 39.69 డాలర్లు. స్టిగ్లర్ అంచనాకు, అసలు జవాబుకు తేడా 24 సెంట్లు! ఇప్పుడు అదే లెక్క మామూలు ల్యాప్‌టాప్ మీద క్షణంలో తేలిపోతుంది. జియా సరాయ్ దుకాణాల్లో అమ్మే లీనియర్ ప్రోగ్రామింగ్ పుస్తకాల్లో ఇది 'డైట్ సమస్య' పేరుతో కనిపిస్తుంది. పరీక్ష కోసం దాన్ని సాధించే విద్యార్థి సాయంత్రం సరుకులకు వెళ్లేటప్పుడు అది గుర్తు తెచ్చుకోడు. ఒకందుకు అదే మంచిది.

ఎందుకంటే డాంట్జిగ్ స్వయంగా దెబ్బతిన్నారు. బరువు తగ్గాలనుకుని, తన తిండిని కంప్యూటర్‌తోనే నిర్ణయించుకోవాలని చూశారు. కడుపు నిండినట్టు ఉండాలి, కేలరీలు మించకూడదు. మొదటిసారి కంప్యూటర్ వందల గ్యాలన్ల వెనిగర్ తాగమంది. వెనిగర్‌ను జాబితా నుంచి తీసేస్తే రోజుకు 200 సూప్ బిళ్లలు మింగమంది. వాటికి హద్దు పెడితే తవుడు తినమంది. చివరికి ఆయన భార్య ఆన్ తానే ఆహారం నిర్ణయించి పెట్టారు. బరువు తగ్గింది. స్టిగ్లర్ కూడా తన జాబితాను ఎవరికీ సిఫార్సు చేయడం లేదని ముందే చెప్పుకున్నారు. రుచి, అలవాటు లెక్కలోకి రాకపోతే చవక భోజనం కాగితం మీదే మిగులుతుంది.

అయినా ఆ లెక్కలో మన గదికి పనికొచ్చే విషయం ఒకటుంది. స్టిగ్లర్ డబ్బుతో మొదలుపెట్టలేదు. ఒంటికి ఏం కావాలో ముందు రాసుకుని, ఖర్చు దగ్గరికి తర్వాత వచ్చారు. మనం తిరగేసి చేస్తాం.

తార్నాక తూకం

ఏం కావాలో చెప్పే కొలతలు మనకున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం సవరించిన ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. రోజుకు 2000 కిలోకేలరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. ఇవన్నీ వండక ముందు బరువులు.

దీన్ని ముగ్గురికి, 30 రోజులకు హెచ్చిస్తే సరుకుల చీటీ తయారవుతుంది. బియ్యం, గోధుమపిండి కలిపి ఇరవై రెండున్నర కిలోలు. పాలు 27 లీటర్లు. కూరగాయలు 36 కిలోలు. వేరుశనగ, నువ్వుల వంటి గింజలు మూడు కిలోల పైచిలుకు. నూనె రెండున్నర కిలోల లోపు. పప్పులు 7 కిలోల 650 గ్రాములు. చాలామంది ఆగి మళ్లీ చదివే అంకె ఈ చివరిదే. రెండు కిలోల కందిపప్పు, కిలో పెసరపప్పు తెచ్చి నెల గడిచిపోయిందనుకునే గదులకు ఇది పెద్ద తేడా.

నెలాఖరులో ఏం పోతుందో ఇప్పుడు చూడవచ్చు. పైన చెప్పిన భోజనంలో ప్రోటీన్ సుమారు 70 గ్రాముల దాకా వస్తుంది. 65 కిలోల యువకుడికి ఐసీఎంఆర్ సిఫార్సు రోజుకు 54 గ్రాములు. చివరి వారంలో పప్పు సగమై, పాలు ఆగిపోతే దాదాపు 19 గ్రాముల ప్రోటీన్ తగ్గిపోతుంది. ఆ ఖాళీని ఇంకో వంద గ్రాముల బియ్యం వండి పూడిస్తే కేలరీలు సరిపోతాయి, కడుపూ నిండుతుంది. ప్రోటీన్ మాత్రం పోయినదాంట్లో సగం కూడా తిరిగి రాదు. పైగా వరి, గోధుమల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ కొరత తీర్చేది పప్పే. ఆకలి వేయదు కాబట్టి లోటు తెలియదు. బడ్జెట్ తప్పినప్పుడు అసలు నష్టం ఇక్కడ జరుగుతుంది.

అందుకే ఏది చవక అన్నది కిలో ధరతో కాకుండా వంద రూపాయలకు ఎంత ప్రోటీన్ వస్తుందన్న లెక్కతో చూడాలి. ధరలు మారుతుంటాయి కనుక ఉదాహరణకు కొన్ని అనుకుందాం. కందిపప్పు కిలో 160 రూపాయలైతే, అందులో ప్రోటీన్ దాదాపు 220 గ్రాములు కనుక వంద రూపాయలకు 137 గ్రాములు. శనగలు కిలో వంద అయితే దాదాపు 190. గుడ్డు ఏడు రూపాయలైతే 85 పైన. పాలు లీటరు 56 అయితే 60కి కాస్త తక్కువ. పనీర్ కిలో 400 అయితే 45 చుట్టుపక్కల. పాలు కాల్షియం కోసం కూడా కావాలి, వాటిని ఈ ఒక్క కొలతతో తీసిపారేయకూడదు. కానీ నెలాఖరు బిగించినప్పుడు పనీర్ స్థానంలో ఉడికించిన శనగలు రావడానికి ఈ లెక్క చాలు.

ప్యాకెట్ సరుకులకైతే ఇంకో సాయం ఉంది. తూనికలు, కొలతల నిబంధనలను 2021లో సవరించి, గ్రాముకో కిలోకో ఎంత పడుతుందన్న యూనిట్ ధరను కూడా ప్యాకెట్ మీద ముద్రించాలన్నారు. అక్షరాలు చిన్నవే. ఎమ్మార్పీ అలాగే ఉండి లోపలి బరువు తగ్గితే పట్టించేది ఆ చిన్న అక్షరాలే.

లెక్కలోకి రాని ఖర్చు

సరుకుల పద్దు సరిపోయినా డబ్బు ఎందుకు అయిపోతుంది? దీనికి రిచర్డ్ థేలర్ 1980లలో ఒక వివరణ ఇచ్చారు. మనసు డబ్బును వేర్వేరు ఖాతాల్లో వేసుకుంటుంది, ఒక ఖాతా డబ్బును మరో ఖాతాలో చూడదు. 2017లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి కారణమైన పనిలో ఇది ఒక భాగం. మన అమ్మమ్మలకు ఈ సంగతి ముందే తెలుసు. పోపుల పెట్టెలో దాచిన నోటు పాలవాడికి, బియ్యం డబ్బా అడుగున దాచినది పండక్కి. ఒకదాన్ని ఇంకోదానికి తీయకపోవడమే వాళ్ల బడ్జెట్.

గదిలో ఇది తిరగబడుతుంది. కందిపప్పు 'సరుకులు' ఖాతాలో పడుతుంది. కోచింగ్ నుంచి వస్తూ తాగిన టీ, సమోసా, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో తెప్పించిన నూడుల్స్ 'చిల్లర ఖర్చు'లోకి పోతాయి. నిజానికి రెండూ తిండే. కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణాల్లో తలసరి నెల ఖర్చు సగటున 6,996 రూపాయలు. అందులో దాదాపు 40 శాతం తిండికి. ఆ సర్వేలో పట్టణవాసులు పానీయాలు, చిరుతిళ్లు, బయట వండిన ఆహారం మీద మొత్తం ఖర్చులో సుమారు 11 శాతం పెడుతుంటే, పాలు, పాల పదార్థాల మీద పెట్టేది 7 శాతం చుట్టుపక్కల. టీ మానేయమని దీని అర్థం కాదు. చదువుకునేవాళ్లకు టీ లేకుండా జరగదు. టీని కూడా సరుకుల చీటీలోనే రాస్తే పప్పు డబ్బు ఎటు పోతోందో కనిపిస్తుంది.

ఇంకొకటి చిన్న తప్పే, కానీ దాదాపు అందరూ చేస్తారు. నెలకు 6000 రూపాయలను నాలుగు వారాలకు పంచి వారానికి 1500 అనుకుంటారు. నెలంటే నాలుగు వారాలు కాదు. 30 రోజుల నెలలో వారానికి పడేది 1400, 31 రోజుల నెలలో 1355. నాలుగుతో భాగించినవాళ్లకు చివరి రెండు మూడు రోజులకు చేతిలో సున్నా.

ధరలు మారినప్పుడు కథ వేరు. 2023 జులైలో టమాటా ధర అంతకుముందు ఏడాదితో పోలిస్తే మూడు రెట్లయింది. మొత్తం చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. కేంద్రం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో టమాటా కొని ఢిల్లీ పరిసరాల్లో కిలో 90 రూపాయలకు, కొన్ని రోజుల్లోనే 80కి, తర్వాత 70కి అమ్మించింది. అప్పట్లో ఢిల్లీకి సరఫరా చేసిన ప్రాంతాల్లో మన మదనపల్లె ఒకటి. టమాటాకు జులై-ఆగస్టు, అక్టోబరు-నవంబరు దిగుబడి తగ్గే నెలలు. కాబట్టి ఇది దాదాపు ఏటా వచ్చే ఇబ్బందే.

డాంట్జిగ్ గణితంలో దీనికి ఒక పేరుంది, షాడో ప్రైస్. ఒక షరతును కొంచెం సడలిస్తే ఎంత మిగులుతుందో చెప్పే అంకె అది. 'పప్పులో టమాటా ఉండాల్సిందే' అన్నది ఒక షరతు. జులైలో ఆ షరతు ఖరీదు చాలా ఎక్కువ. షరతును 'పప్పులో పులుపు ఉండాలి' అని మారిస్తే చింతపండు సరిపోతుంది, ఖర్చు వెంటనే దిగుతుంది. అదే షరతు జనవరిలో దాదాపు ఉచితం. ఏ నెలలో ఏ పట్టుదల ఎంతకు పడుతోందో చూసుకోవడమే దీని ఉపయోగం. విటమిన్ సి కోసం మాత్రం నిమ్మకాయో ఉసిరికాయో వేరే చూసుకోవాలి.

ఈ కొరత మెదడు మీద కూడా పడుతుందా? ఆనందీ మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధనలో తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఒకే రకం పరీక్షలు పెట్టారు. డబ్బు కటకటగా ఉన్న కోత ముందు రోజుల్లో అదే రైతులకు తక్కువ మార్కులు వచ్చాయి. గణాంకాలను విశ్లేషించిన తీరుపై తర్వాత అదే పత్రికలో అభ్యంతరాలు వచ్చాయి, కనుక దీన్ని తిరుగులేని రుజువు అనలేం. కానీ నెలాఖరు సరుకుల బెంగ, మాక్ టెస్టు ఒకే వారంలో పడే గదులకు ఆ ప్రశ్న పరాయిది కాదు.

ఇంతకీ ఆ ముగ్గురు ఏం చేయవచ్చు? ఒకటో తేదీన ముందు పప్పులు, గింజలు, బియ్యం, పిండి, నూనె మొత్తం కొనేయాలి. పాల డబ్బు విడిగా తీసి పెట్టాలి. కూరగాయలకు మాత్రం రోజులతో భాగించిన డబ్బును వారానికోసారి తీయాలి. టమాటా రేటు పెరిగితే దెబ్బ ఆ వారం సంచికే తగులుతుంది, పప్పు డబ్బా జోలికి పోదు. పప్పు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీస్తే చాలు. పదో తేదీ రాత్రికి మూడింట రెండు వంతులు, ఇరవయ్యో తేదీకి ఒక వంతు ఉండాలి. గీత కంటే తగ్గిందంటే అతిథులెవరో వచ్చి ఉంటారు, లేదా లెక్క తప్పి ఉంటుంది. గీత కంటే చాలా పైన ఉందంటే మాత్రం సంతోషించకూడదు. పది రోజులుగా గదిలో పప్పు వండటం లేదన్నమాట.