రాత్రి దారిలో బండి నెమ్మది

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు ఒకప్పుడు ఎట్లా ఉండేవి? పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. చేన్లు, గుట్టలు, చెరువులు, తుప్పలు. ఆ తుప్పల్లో నెమళ్ళు, కుందేళ్ళు, నక్కలు, అడవి పందులు తిరిగేవి.

2008లో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. బెంగుళూరు రోడ్డు మీద, శ్రీశైలం రోడ్డు మీద బండ్లు పెరిగాయి. రోడ్లు మనకు కావాలి. ఆపదలో ఆసుపత్రికి తొందరగా పోవాలి. కాని ఆ రోడ్లే జంతువుల దారులకు అడ్డం పడ్డాయి. మేత ఒక పక్క, నీళ్ళు ఇంకో పక్క. మధ్యలో రోడ్డు.

చిరుత వచ్చింది

2020 మే 14న కాటేదాన్ దగ్గర ఒక చిరుతపులి నడిరోడ్డు మీద కనబడింది. శంషాబాద్ నుండి నగరానికి పోయే దారి అది. చిరుతకు దెబ్బ తగిలిందని చూసినవాళ్ళు అనుకున్నారు. జనం పోగయ్యారు. చిరుత బెదిరింది. ఒక లారీ డ్రైవరును గాయపరచి పారిపోయింది.

2024 ఏప్రిల్ 28న ఇంకో చిరుత గొల్లపల్లి వైపు గోడ దూకింది. ఏకంగా విమానాశ్రయం లోపలికే వచ్చింది. అటవీ శాఖవాళ్ళు కెమెరాలు, బోన్లు పెట్టారు. మేకను ఎరగా కట్టారు. మే 3న అది బోనులో చిక్కింది. దాన్ని చంపలేదు. దూరంగా అడవిలో వదిలేందుకు తీసుకుపోయారు.

దేశం మొత్తం మీద చిరుతలు సుమారు 13,874 ఉన్నాయని 2022 లెక్క చెబుతోంది. తల్లి చిరుత బండి కింద పడితే పోయేది ఒక్క ప్రాణం కాదు. పొదలో దాచిన పిల్లలు కూడా పాలు లేక చస్తాయి.

జంతువు పక్కకు ఎందుకు పోదు?

చిరుత, జింక, నక్క చీకట్లో బాగా చూస్తాయి. వాటి కళ్ళ లోపల అద్దం లాంటి పొర ఉంటుంది. అందుకే లైటు పడితే ఆ కళ్ళు మెరుస్తాయి. కాని ఒక్కసారిగా పెద్ద వెలుగు పడితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఎటు పోవాలో తెలియక జంతువు అక్కడే నిలబడిపోతుంది.

చీర పొడవుతో లెక్క

ఒక చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు. కిందికి దించిన లైటులో సుమారు 7 చీరల దూరం కనబడుతుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు బ్రేకు వేస్తే 4 చీరల దూరంలోపే ఆగుతుంది. జంతువు బతుకుతుంది. అదే కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతే? ఆగేసరికి 10 చీరల దూరం దాటుతుంది. జంతువు కళ్ళకు కనబడినా బండి ఆగదు. వానకు రోడ్డు తడిస్తే ఇంకా దూరం పోతుంది. లారీకి మరీ ఎక్కువ దూరం కావాలి.

ఇది జంతువు ప్రాణం సంగతే కాదు. అడవి పందిని గుద్దితే మోటారు సైకిలు మనిషి కూడా బతకడం కష్టం.

గేటు ఉన్న దారి, లేని దారి

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే రోడ్డు విమానాశ్రయం దగ్గరి తుక్కుగూడ మీదుగా పోతుంది. ముందుకు పోతే మన్ననూరు వస్తుంది. అక్కడ అమ్రాబాద్ పులుల అడవి ఉంది. రాత్రి 9 నుండి ఉదయం 6 దాకా ఆ అడవి దారిలో బండ్లను పోనివ్వరు. ఆ వేళ జంతువులది.

బెంగుళూరు రోడ్డే ఉత్తరాన నాగపూరు దాటి పెంచ్ అడవిలోంచి పోతుంది. అక్కడ రోడ్డును వంతెనల మీదికి ఎత్తారు. కింద జంతువులు నడుస్తాయి. 2019లో పెట్టిన కెమెరాలకు 18 రకాల జంతువులు చిక్కాయి. వాటిలో పులులు కూడా ఉన్నాయి. దారి చూపిస్తే జంతువు దాన్నే వాడుకుంటుందన్నమాట.

కాని మన ఊరి దారికి గేటు లేదు. ఇక్కడ ఆ గేటు బండి నడిపేవాళ్ళ చేతిలోనే ఉంది.

ఏం చేయాలి?

1. పొద్దు గూకిన తర్వాత, తెల్లవారకముందు బండి నెమ్మదిగా నడపాలి.
2. జంతువు కనబడితే లైటు కిందికి దించాలి. బ్రేకు వేయాలి. బండిని పక్కకు విరిచి తిప్పరాదు. బోల్తా పడుతుంది.
3. ఒకటి దాటితే వెంటనే పోరాదు. వెనకాల పిల్లలు వస్తుండవచ్చు.
4. వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోయరాదు. గింజల కోసం నెమళ్ళు వస్తాయి.
5. మిగిలిన అన్నం, కోడి పేగులు రోడ్డు పక్కన పారవేయరాదు. వాటికి కుక్కలు చేరతాయి. కుక్కల కోసం చిరుత వస్తుంది.
6. దెబ్బ తగిలిన జంతువును ముట్టుకోరాదు. జనం గుమిగూడరాదు. 112కు ఫోను చేసి చెప్పాలి.
7. చచ్చిన నెమలినైనా వండుకోరాదు. అది నేరం. జైలు శిక్ష పడుతుంది.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో రాత్రిపూట బండి నడిపేది ఎవరు? కొడుకా? ఇంటాయనా? మీరేనా? చీర లెక్క వాళ్ళకు చెప్పారా? మీ ఊరి దగ్గర జంతువులు రోడ్డు దాటే చోటు ఏది? అక్కడ బోర్డు పెట్టమని పంచాయతీకి గాని, మున్సిపాలిటీకి గాని అర్జీ రాయండి. కింద మీ సంతకం మీరే పెట్టండి.