కోలుకోవడం కూడా ఒక చదువే

"అక్కా, ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోని రోజులు ఎన్నున్నాయి? దిగులుగా గడిచినవి ఎన్ని?"

పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ చేతబట్టి గడప గడపకూ వెళ్లి అడిగిన ప్రశ్నలివి. ఇలాంటివి మొత్తం తొమ్మిది. నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, తన మీద తనకు చిన్నచూపు, బతకాలని లేదన్న ఆలోచన, అన్నీ వాటిలో ఉంటాయి. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు. మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవాలి. వైద్యులు దీన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. జ్వరానికి థర్మామీటరు ఎలాగో దిగులుకు ఇది అలాంటిది.

జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో ఈ పని మొదలుపెట్టారు. ఊళ్లో నాటకాలు వేయించి, వీడియోలు చూపించి, మానసిక జబ్బు సిగ్గుపడాల్సింది కాదని ముందుగా చెప్పారు. ఆ తర్వాతే ప్రశ్నలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఏ చికిత్స ఇవ్వాలో ట్యాబ్ సూచిస్తుంది. మందులు వాడుతున్నారా లేదా అని ఆశా కార్యకర్త మళ్లీ ఇంటికొచ్చి కనుక్కుంటుంది. తొలి దశలో, సాయం అవసరమైనవారిలో వైద్యం అందుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేని చోట ఆ సంఖ్య 12.6కు పెరిగింది. తర్వాత పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ కలిపి 44 ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షించారు. 2024లో ఫలితాలు వచ్చాయి. ఈ పద్ధతి అమలైన ఊళ్లలో ఏడాది తిరిగేసరికి, ఇబ్బంది పడుతున్నవారిలో దాదాపు నలుగురికి ముగ్గురు తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే ఉన్నచోట తేరుకున్నది సగం మందే.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఇంతమందికి సరిపడా సైకియాట్రిస్టులు రేపటికి రేపు పుట్టుకురారు. అందుకే తెలిసినవారి దగ్గరున్న విద్యను ఊరికి పంచాలి.

రోగి కాదు, విద్యార్థి

ఇంగ్లండులో ఈ ఆలోచన 'రికవరీ కాలేజీ' రూపం తీసుకుంది. మొదటిది 2009లో నైరుతి లండన్‌లో మొదలైంది. అక్కడ చీటీ రాయించుకుని వరుసలో కూర్చోరు, కోర్సులో పేరు రాయించుకుంటారు. నిద్ర, ఆందోళన, హక్కులు, మందులతో బతుకు సాగించడం, ఇలా ఒక్కో అంశానికి ఒక్కో తరగతి. పాఠం చెప్పేది ఇద్దరు. ఒకరు వైద్యరంగంలో పనిచేసేవారు, రెండోవారు ఆ జబ్బును స్వయంగా అనుభవించి నిలదొక్కుకున్నవారు. పాఠం తయారుచేసేది కూడా ఆ ఇద్దరూ కలిసే. ఇంట్లోవాళ్లు, నర్సులు సైతం అదే గదిలో విద్యార్థులుగా కూర్చుంటారు.

కోలుకోవడమంటే లక్షణాలన్నీ మాయమవడం మాత్రమే కాదు. 2011లో పరిశోధకులు అనేకమంది అనుభవాలను గుదిగుచ్చి ఐదు విషయాలు తేల్చారు: నలుగురి తోడు, ఆశ, జబ్బుకు మించిన తన గుర్తింపు, బతుకుకు ఒక అర్థం, తన నిర్ణయాలు తన చేతిలో ఉండటం. వీటిలో ఏదీ మాత్రలో దొరకదు. ఐదింటినీ సాధన చేసే చోటు మాత్రం తరగతి గది కాగలదు.

ఒక కాగితం, ఒక వారం

ఇలాంటి తరగతుల్లో నేర్పదగిన పాఠం ఒకటి దగ్గరగా చూద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే ఒక మెకానిక్ అనుకుందాం. దిగులు పట్టుకుంది. పనికి వెళ్లడం తగ్గించాడు. స్నేహితులతో టీ మానేశాడు. పని లేక, పలకరింపు లేక మనసుకు కాస్త హాయినిచ్చేవన్నీ పోయాయి. దాంతో దిగులు పెరిగింది. పెరిగిన దిగులు అతణ్ని మంచానికి మరింత కట్టేసింది. "మనసు బాగుపడ్డాక పని చేస్తా" అనుకుంటాడు. చిక్కు అక్కడే ఉంది. పని మొదలైతేనే మనసు మెల్లగా కదులుతుంది.

అందుకని అతని చేతికి కాగితం ఇస్తారు. ఏ పూట ఏం చేశాడో, అప్పుడు మనసు పదికి ఎంత ఉందో రాయాలి. వారం తిరిగేసరికి ఆ కాగితమే మాట్లాడుతుంది. పొద్దున్న ఏలూరు కాలువ గట్టు మీద పావుగంట నడిచిన రోజు నాలుగు. పగలంతా గది తలుపు వేసుకున్న రోజు రెండు. తర్వాతి వారానికి నడక రోజూ ఖాయం చేస్తారు, పాత మిత్రుడికి ఒక ఫోను కలుపుతారు. చిన్న పని, కచ్చితమైన వేళ. ఈ పద్ధతిని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో మామూలు చదువున్నవారికే శిక్షణ ఇచ్చి దీన్ని నేర్పిస్తే ఫలితం ఇచ్చిందని పరిశోధనలు రుజువు చేశాయి.

జింబాబ్వేలో 2006 నుంచి శిక్షణ పొందిన అవ్వలు ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్ల మీద కూర్చుని ఇలాంటి సాయమే చేస్తున్నారు. వాళ్లు డిప్రెషన్ అనే మాట వాడరు, "కుఫుంగిసిసా" అంటారు. అతిగా ఆలోచించడమని అర్థం. "ఊరికే ఎందుకు ఆలోచిస్తావు" అని మన ఇళ్లలోనూ అంటాం కదా. కానీ అక్కడితో ఆపేస్తాం. అవ్వలు మాత్రం ఆలోచనలు విని, అందులో ఒక్క సమస్యను పట్టుకుని పరిష్కారం దాకా తోడుంటారు.

ఈ గడ్డకు కొత్త కాదు

కృష్ణా డెల్టాకు ఊరంతా కలిసి నేర్చుకోవడం పాత అలవాటే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ బెజవాడలోనే జరిగింది. 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపారు. చదువు మనిషి దగ్గరికే వెళ్లాలన్న ఆ పట్టుదల ఇప్పుడు మనసు చదువుకు కావాలి. చోటుకు కొదవ లేదు. గ్రంథాలయాలున్నాయి, నెలనెలా కూడే పొదుపు సంఘాలున్నాయి.

అవసరం ఎంతో 2024 సెప్టెంబరు చెప్పింది. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి ఆపద దాటినవారికి తర్వాత వాన చప్పుడుకే గుండె దడదడలాడటం, నిద్రలో ఉలిక్కిపడటం సహజం. చాలామందిలో వారాల్లో తగ్గిపోతుంది. నెల దాటినా వదలకపోతే వైద్యుణ్ని కలవాలి. ఈ నాలుగు మాటలు ముందే తెలిసిన మనిషి "నాకు పిచ్చి పడుతోందేమో" అని రెండో భయం పెట్టుకోడు.

ఒక్క హెచ్చరిక. తరగతి మందుకు బదులు కాదు. స్కిజోఫ్రేనియా, బైపోలార్ వంటి జబ్బుల్లో డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకూడదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, ఖర్చు లేదు. మానసిక రోగులకు అందరిలాగే సమాజంలో బతికే హక్కు ఉందని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ హక్కుకు ప్రాణం పోయాల్సింది పొరుగువాళ్లు.

ఈ నెల మీ సంఘం కూడినప్పుడు పొదుపు, అప్పుల లెక్క అయ్యాక మరో పావుగంట ఆగండి. "ఈమధ్య ఎవరికైనా నిద్ర సరిగా పట్టడం లేదా?" అని అడగండి. ఒక్కరు చెయ్యెత్తినా మీ ఊళ్లో మొదటి తరగతి మొదలైనట్టే.